హారర్ షార్ట్ ఫిల్మ్ ఓపెనింగ్ మొత్తం డావించీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లోనే కట్ చేసి మ్యూజిక్ కూడా అందులోనే వేశాం, మా అనుభవం ఇది

కోర్సులో భాగంగా రెండు నిమిషాల హారర్ ఫిల్మ్ ఓపెనింగ్ చేయాల్సి వచ్చింది. సినిమా మొత్తం కాదు, జస్ట్ మొదటి రెండు నిమిషాలు, టైటిల్ పడేవరకు. మా టీమ్‌లో నలుగురం, అందులో ఎడిటింగ్, సౌండ్ రెండూ నా మీదే పడ్డాయి. మూడు వారాలు దీనితోనే కూర్చున్నాను కాబట్టి ఇలాంటిదే చేయబోతున్న వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. డావించీ రిజాల్వ్ అనే ఈ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఎవరు రాసినా కలర్ గురించే రాస్తారు, నేను మాత్రం ఎక్కువగా సౌండ్ గురించే రాస్తాను ఎందుకంటే మా ఓపెనింగ్‌లో భయం ఏమైనా ఉందంటే అది సౌండ్ వల్లే వచ్చింది, బొమ్మ వల్ల కాదు.

ముందు వేరే ఒక సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో మొదలుపెట్టాం. పేరు వద్దులెండి. సగం పని అయ్యాక ఎక్స్‌పోర్ట్ కొట్టి చూస్తే బొమ్మ మధ్యలో పెద్ద వాటర్‌మార్క్. నాలుగు రోజుల పని అక్కడే ఆగిపోయింది. అప్పుడు రిజాల్వ్‌కి వచ్చాం. ఇందులో ఫ్రీ వెర్షన్‌కి టైమ్ లిమిట్ లేదు, అల్ట్రా హెచ్‌డీ వరకు సెకనుకి 60 ఫ్రేమ్స్ దాకా ఎక్స్‌పోర్ట్ అవుతుంది, వాటర్‌మార్క్ పడదు. ఒక్క విషయం, డబ్బు పెట్టి కొనే స్టూడియో వెర్షన్‌కి మాత్రమే ఉన్న ఎఫెక్ట్ ఏదైనా తెలియక వాడితే ఆ క్లిప్ మీద మార్క్ వస్తుంది, ఆ ఎఫెక్ట్ తీసేస్తే పోతుంది, కంగారు పడొద్దు.

ఇది బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ అనే ఆస్ట్రేలియా కంపెనీది. డావించీ అసలు కలర్ గ్రేడింగ్ సిస్టమ్, అంటే సినిమా రంగులు సరిదిద్దేది, దాన్ని వీళ్ళు 2009లో కొన్నారు. సౌండ్ వైపు ఉన్న ఫెయిర్‌లైట్ కథ వేరు. అది 1975లో సిడ్నీలో పుట్టిన ఆడియో కంపెనీ, 1979లో వచ్చిన వాళ్ళ శాంప్లింగ్ సింథసైజర్ (రికార్డ్ చేసిన చప్పుడునే స్వరాలుగా వాయించే కీబోర్డ్) మ్యూజిక్ ప్రపంచంలో చాలా పేరున్న మెషీన్. బ్లాక్‌మ్యాజిక్ దాన్ని 2016లో కొని 2017లో వచ్చిన వెర్షన్ 14తో రిజాల్వ్ లోపల ఒక పేజీగా పెట్టేసింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సౌండ్ అంటే సాధారణంగా ఒక వాల్యూమ్ స్లైడర్, రెండు ఎఫెక్ట్స్ ఉంటాయి అంతే, ఇక్కడ మాత్రం ఏకంగా ఒక సౌండ్ స్టూడియోనే ఉంది, అదీ ఫ్రీగా. స్టూడెంట్స్‌కి ఇది మామూలు విషయం కాదు.

సరే పనిలోకి వస్తాను. కథ చాలా చిన్నది. రాత్రి ఒక అమ్మాయి ఒంటరిగా చదువుకుంటూ ఉంటుంది, పక్క గదిలో ఫోన్ మోగుతుంది, కానీ ఆమె ఫోన్ ఆమె టేబుల్ మీదే ఉంది. లేచి వెళ్తుంది, తలుపు కింద సందులోంచి వెలుతురు కనిపిస్తూ ఉంటుంది, హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే ఆ వెలుతురు ఆరిపోతుంది, టైటిల్. అంతే. 41 క్లిప్స్ తీశాం, చివరికి 19 షాట్స్ ఉంచాం.

మొదటి దెబ్బ ఫోన్ వల్ల తగిలింది. ఫోన్‌లో తీసిన వీడియోకి ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేమ్స్ అనేది, స్థిరంగా ఉండదు, చీకట్లో తీస్తే ఇంకా ఎక్కువ మారుతూ ఉంటుంది. మేం సౌండ్ విడిగా ఇంకో ఫోన్‌లో రికార్డ్ చేశాం, చప్పట్లు కొట్టి సింక్ పెట్టాం, మొదట్లో బాగానే ఉంది గానీ క్లిప్ చివరికి వచ్చేసరికి అడుగు నేల మీద పడిన తర్వాత చప్పుడు వస్తోంది. హారర్‌లో అడుగుల చప్పుడు కొంచెం తేడా వచ్చినా మొత్తం డబ్బింగ్ సినిమాలా అయిపోతుంది. షట్టర్ ఎన్‌కోడర్ అనే ఫ్రీ టూల్‌లో అన్ని క్లిప్స్‌నీ స్థిరమైన 25 ఫ్రేమ్స్‌కి మార్చుకుని తెచ్చాక సరిపోయింది, హ్యాండ్‌బ్రేక్‌లో అయినా చేసుకోవచ్చు. తర్వాత రిజాల్వ్‌లోనే వేవ్‌ఫామ్ (చప్పుడు ఎగుడుదిగుళ్ళు చూపించే గీత) చూసి ఆడియో, వీడియోని ఆటోమేటిక్‌గా సింక్ చేసే ఆప్షన్ ఉంది, అది 41 క్లిప్స్‌లో రెండు తప్ప అన్నీ కరెక్ట్‌గా కలిపింది. ఆ రెండూ మాటలు, చప్పుళ్ళు ఏమీ లేని క్లిప్స్, పోల్చుకోవడానికి దానికి ఏమీ దొరకదు కదా.

ఇంకో మాట, కొత్త ప్రాజెక్ట్ తెరిచిన వెంటనే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ పెట్టేయండి, క్లిప్స్ లోపలికి తెచ్చాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే హాయి, నాది 8 జీబీదే కాబట్టి ప్లేబ్యాక్ మెనూలో టైమ్‌లైన్ చూపించే రిజల్యూషన్ సగానికి దింపుకుని పని చేశాను. చూసేటప్పుడు కొంచెం మసకగా ఉంటుంది, ఎక్స్‌పోర్ట్‌లో మాత్రం పూర్తి క్వాలిటీయే వస్తుంది.

కటింగ్ గురించి ఎక్కువ చెప్పను, ఎడిట్ పేజీ ఒక రోజులో అలవాటవుతుంది. బి నొక్కితే బ్లేడ్, ఏ నొక్కితే మామూలు బాణం, ఎం నొక్కితే మార్కర్, ఈ మూడింటితోనే సగం సినిమా అయిపోతుంది. కానీ ఒక్క కట్ గురించి మాత్రం చెప్పాలి. అమ్మాయి టేబుల్ దగ్గర కూర్చుని ఉన్న షాట్, దాని తర్వాత ఖాళీ వరండా షాట్. మొదట రెండింటి బొమ్మా, సౌండూ ఒకేచోట కట్ చేశాను, ఏదో స్లైడ్ మారినట్టు ఉంది. తర్వాత ఆల్ట్ నొక్కి పట్టుకుని వరండా షాట్ ఆడియో అంచు ఒక్కటే పట్టుకుని 14 ఫ్రేమ్స్ వెనక్కి లాగాను. అంటే అమ్మాయి ముఖం మీద బొమ్మ ఉండగానే వరండాలో ఉన్న ఆ గాలి, ఆ బోలు చప్పుడు మన చెవికి వచ్చేస్తుంది, తర్వాతే బొమ్మ వస్తుంది. దీన్నే జె కట్ అంటారు. అర సెకను తేడా, కానీ చూస్తుంటే ఆ అమ్మాయి ఏదో విన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ షాట్‌లో మా నటి ఏమీ వినలేదు, కెమెరా ఎప్పుడు ఆపుతారా అని చూస్తోంది! ఎడిటింగ్ అంటే ఏంటో నాకు ఆ 14 ఫ్రేమ్స్ దగ్గర తెలిసింది.

ఇక మ్యూజిక్. ఇక్కడే మేం పెద్ద తప్పు చేశాం. అందరిలాగే మేం కూడా హారర్ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అని వెతికి, వయొలిన్లు, గుండె చప్పుడు, మధ్యమధ్యలో ఢామ్ అని పడే దెబ్బలు ఉన్న ట్రాక్ ఒకటి తెచ్చి మొదటి ఫ్రేమ్ నుంచి టైటిల్ దాకా పరిచేశాం. చూసుకుంటే భలే ఉంది అనిపించింది. మా చెల్లికి చూపించాను. చూసి "అక్కా, ఆ అమ్మాయి కుర్చీలోంచి లేవకముందే మ్యూజిక్ వచ్చి భయపడు భయపడు అని చెప్పేస్తోంది కదా" అంది. నాకు మొదట కోపం వచ్చింది గానీ రాత్రి మళ్ళీ చూస్తే దాని మాటే నిజం. ఫోన్ మోగడం అనేది కథలో మొదటి వింత విషయం, కానీ అప్పటికే నలభై సెకన్ల నుంచి వయొలిన్లు ఏడుస్తున్నాయి, ఇక ఫోన్ మోగితే ఎవరికి భయం వేస్తుంది.

మొత్తం ట్రాక్ డిలీట్ చేసేశాను. మా టీమ్ వాళ్ళు అస్సలు ఒప్పుకోలేదు, ఖాళీగా ఉంటే పని చేయలేదనుకుంటారు అన్నారు. అందుకే ఖాళీగా వదల్లేదు. షూట్ చేసిన గదిలోనే ఎవరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం రూమ్ టోన్ రికార్డ్ చేసుకుని ఉన్నాం, దాన్ని కింద పరిచాను. గది ఎంత నిశ్శబ్దంగా ఉన్నా దానికంటూ ఒక చప్పుడు ఉంటుంది, అది లేకపోతే చూసేవాళ్ళకి స్పీకర్ పాడైందేమో అనిపిస్తుంది. మా రికార్డింగ్‌లో దూరంగా ఫ్రిజ్ గుర్రుమనే చప్పుడు కూడా ఉంది. షూటింగ్ అప్పుడు అయ్యో ఫ్రిజ్ ఆపలేదే అని బాధపడ్డాం, చివరికి మా మ్యూజిక్ అక్కడి నుంచే పుట్టింది.

ఎలాగంటే, ఆ ఫ్రిజ్ చప్పుడు ముక్కని కాపీ చేసి ఇంకో ట్రాక్ మీద పెట్టి స్పీడ్ 50 శాతానికి తగ్గించాను, తగ్గించేటప్పుడు పిచ్ (స్వరం ఎంత పైన, ఎంత కింద ఉందనేది) మారకుండా ఆపే పిచ్ కరెక్షన్ టిక్ తీసేశాను. స్పీడ్ సగం అయితే పిచ్ సరిగ్గా ఒక ఆక్టేవ్, అంటే పై స నుంచి కింది స కి, దిగుతుంది. అంటే ఫ్రిజ్ లాగా వినపడదు, నేల కింద ఏదో పెద్దది ఊపిరి పీల్చుతున్నట్టు ఉంటుంది. దానికి ఫెయిర్‌లైట్‌లో ఉన్న రివర్బ్, అంటే పెద్ద గదిలో మోగినట్టు చేసే ఎఫెక్ట్, కొంచెం వేశాను. ఇది కింద పొర.

పై పొర కోసం గాజు గ్లాసులు వాడాం. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, తడి వేలితో అంచు మీద గుండ్రంగా తిప్పితే సన్నగా మోగుతుంది కదా, అది. రెండింటిలో నీళ్ళు దాదాపు సమానంగా పోయాలి, కానీ పూర్తిగా సమానం కాకూడదు. రెండు స్వరాలు చాలా దగ్గరగా ఉంటే వాటి మధ్య తేడా ఎంతో సెకనుకి అన్నిసార్లు చప్పుడు పెరిగి తగ్గుతుంది, ఉదాహరణకి ఒకటి 440 హెర్ట్జ్, ఇంకోటి 446 అయితే సెకనుకి ఆరుసార్లు వణుకుతుంది. చెవికి ఆ వణుకు అస్సలు నచ్చదు, ఎక్కడో ఏదో తేడాగా ఉంది అని మెదడు చెప్తూనే ఉంటుంది. సినిమాల్లో హారర్‌కి వాటర్‌ఫోన్ అని ఒక వాయిద్యం చాలా వాడతారు, రిచర్డ్ వాటర్స్ అనే ఆయన చేసింది, అందులో కూడా లోపల నీళ్ళు కదులుతుంటే స్వరం జారుతూ ఉంటుంది. మనకి ఆ వాయిద్యం ఎక్కడ దొరుకుతుంది, గ్లాసులతో దాని పక్కింటికి మాత్రం చేరాం.

ఈ రెండు పొరలూ ఒకేసారి మొదలవ్వవు. మొదటి 40 సెకన్లు రూమ్ టోన్, పెన్ను చప్పుడు, పేజీ తిప్పే చప్పుడు అంతే. ఫోన్ మోగాక ఫ్రిజ్ పొర చాలా మెల్లగా, దాదాపు 20 సెకన్లు తీసుకుని పైకి వస్తుంది, ఎప్పుడు మొదలైందో ఎవరూ పట్టుకోలేరు. ఆమె వరండాలోకి వచ్చాక గ్లాసులు. ఈ పెరగడం తగ్గడం అంతా ఫెయిర్‌లైట్‌లో వాల్యూమ్ గీత మీద కీఫ్రేమ్స్ (ఎక్కడ ఎంత ఉండాలో చెప్పే చుక్కలు) పెట్టి చేసుకోవచ్చు, లేదా ఆటోమేషన్ ఆన్ చేసి ప్లే అవుతుండగా ఫేడర్‌ని (వాల్యూమ్ స్లైడర్‌ని) మౌస్‌తో కదిపితే అదే రికార్డ్ చేసుకుంటుంది. నాకు రెండోదే నచ్చింది, బొమ్మ చూస్తూ చేత్తో వాల్యూమ్ పెంచుతుంటే వాయిస్తున్నట్టే ఉంటుంది.

ఇక చివరి క్షణం. ఆమె హ్యాండిల్ మీద చెయ్యి వేస్తుంది, తలుపు కింద వెలుతురు ఆరిపోతుంది. ఇక్కడ పెద్ద దెబ్బ పెట్టాలని అందరం అనుకున్నాం, పెట్టాం, సరిగ్గా వెలుతురు ఆరిన ఫ్రేమ్ మీదే. బాగానే ఉంది గానీ గుండె జారలేదు. ఎన్నిసార్లు మార్చానో లెక్క లేదు, దెబ్బ ఇంకా గట్టిగా పెట్టా, రెండు దెబ్బలు పెట్టా, కింద గుండె చప్పుడు పెట్టా. చివరికి పని చేసింది ఏంటంటే వెలుతురు ఆరిన ఫ్రేమ్ దగ్గర అన్నీ తీసేయడం. గ్లాసులు, ఫ్రిజ్, ఆఖరికి రూమ్ టోన్ కూడా. 12 ఫ్రేమ్స్, అంటే దాదాపు అర సెకను, టైమ్‌లైన్‌లో సౌండ్ అనేదే లేదు. ఆ తర్వాత టైటిల్‌తో పాటు ఒకే ఒక్క చప్పుడు, అది కూడా మ్యూజిక్ కాదు, లోపలి వైపు నుంచి గడియ పడిన చప్పుడు. పైన రూమ్ టోన్ లేకపోతే స్పీకర్ పాడైనట్టు ఉంటుందన్నాను కదా, ఇక్కడ అదే మనకి కావాలి, చూసేవాళ్ళ చెవి ఒక్కసారిగా పట్టు తప్పాలి. మొత్తం రెండు నిమిషాల్లో గట్టిగా వచ్చేది ఆ ఒక్క చప్పుడే.

గడియ చప్పుడు మేం రికార్డ్ చేసింది కాదు. బ్లాక్‌మ్యాజిక్ వాళ్ళే ఫెయిర్‌లైట్ సౌండ్ లైబ్రరీ అని ఫ్రీగా ఇస్తారు, అందులో దాదాపు 500 చప్పుళ్ళు ఉంటాయి, విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి. మిగతావి ఫ్రీసౌండ్‌లో వెతికాం. బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా యూనివర్సిటీ వాళ్ళు 2005లో మొదలుపెట్టిన సైట్ అది, తలుపులు, అడుగులు, గాలి ఏది కావాలన్నా ఉంటుంది. కానీ ప్రతి సౌండ్ పక్కన లైసెన్స్ చూసుకోవాలి. సీసీ జీరో అయితే ఎవరి పేరూ వేయక్కర్లేదు, అట్రిబ్యూషన్ అని ఉంటే టైటిల్స్‌లో పేరు వేయాలి, నాన్ కమర్షియల్ అని ఉంటే డబ్బు వచ్చే పనికి వాడకూడదు. స్టూడెంట్ ఫిల్మే కదా అని ఆ మూడోది వాడేస్తాం, రేపు దాన్ని ఎక్కడైనా డబ్బులకి పెట్టాలంటే మళ్ళీ సౌండ్ అంతా విప్పాల్సి వస్తుంది.

మా మొదటి ట్రాక్, ఆ వయొలిన్లది, ఫ్రీ అని రాసి ఉన్న ఒక సైట్ నుంచి తెచ్చాం. టెస్ట్ కోసం ప్రైవేట్‌గా యూట్యూబ్‌లో పెడితే పది నిమిషాల్లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అప్పటికే అది తీసేయాలని నిర్ణయించుకున్నాం కాబట్టి బతికిపోయాం. ఎక్కడి నుంచి ఏది తెచ్చినా లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, లింక్, తేదీ ఒక ఫైల్‌లో రాసుకోండి, సబ్మిట్ చేసే రోజు వెతుక్కుంటే దొరకవు.

వాల్యూమ్ విషయంలో ఒక జాగ్రత్త. నేను హెడ్‌ఫోన్స్‌లో మిక్స్ చేశాను, ఫ్రిజ్ పొర అద్భుతంగా ఉంది. అదే ఫోన్ స్పీకర్‌లో పెడితే పొరే లేదు! అంత కింది చప్పుళ్ళు చిన్న స్పీకర్లలో పలకవు. అందుకని అదే క్లిప్‌ని స్పీడ్ తగ్గించకుండా ఇంకో కాపీ చాలా తక్కువ వాల్యూమ్‌లో కలిపి, ఈక్వలైజర్‌లో 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య కొంచెం లేపాను, అప్పుడు ఫోన్‌లో కూడా ఏదో ఉందని తెలుస్తోంది. ఫెయిర్‌లైట్‌లో లౌడ్‌నెస్ మీటర్ ఉంది, యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం మీద చప్పుడు ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉన్నవాటిని తనే తగ్గిస్తుంది కాబట్టి గట్టిగా నింపేసి లాభం లేదు, హారర్‌కి నిశ్శబ్దానికీ చప్పుడుకీ మధ్య దూరమే ఆస్తి, దాన్ని లిమిటర్‌తో (గట్టి చప్పుళ్ళని ఒక హద్దు దాటనివ్వని ఎఫెక్ట్) నొక్కేస్తే గడియ చప్పుడు కూడా పెన్ను చప్పుడంతే వినపడుతుంది. పీక్, అంటే అన్నిటికంటే గట్టిగా వచ్చే క్షణం, మాత్రం మైనస్ 1 డీబీ దాటకుండా చూసుకున్నాను.

బాలేనివి కూడా చెప్పాలి. వీడియోలో గింజలు తగ్గించే నాయిస్ రిడక్షన్ ఫ్రీ వెర్షన్‌లో లేదు, స్టూడియో కొనాల్సిందే, హారర్ తీసేవాళ్ళకి ఇది నిజంగా పెద్ద లోటు ఎందుకంటే మనం తీసేదే చీకటి. చీకట్లో చీకటిగా తీస్తే బొమ్మ నిండా చీమలు పాకుతున్నట్టు గింజలు వస్తాయి. మేం రెండోసారి వెళ్ళి అదే వరండాని రెండు లైట్లు పెట్టి వెలుతురుగా తీసి, కలర్ పేజీలో ఎక్స్‌పోజర్ దింపి, రంగు తగ్గించి, కొంచెం నీలం వైపు తోశాం, ఎంత శుభ్రంగా వచ్చిందో. ముందే తెలిస్తే ఒక రాత్రి నిద్ర మిగిలేది. లైనక్స్ వాడేవాళ్ళకి ఇంకో ఇబ్బంది, అక్కడ ఫ్రీ వెర్షన్ హెచ్.264 (ఫోన్లలో, నెట్‌లో ఎక్కువగా వాడే వీడియో ఫార్మాట్) వీడియోలు తీసుకోదు, ముందే వేరే ఫార్మాట్‌కి మార్చుకోవాలి.

ప్రాజెక్ట్ సేవ్ అయ్యే పద్ధతి కూడా కొత్తవాళ్ళని తికమక పెడుతుంది. సేవ్ కొడితే ఫోల్డర్‌లో ఫైల్ ఏమీ కనపడదు, అదంతా దాని సొంత డేటాబేస్‌లో ఉంటుంది. కాలేజీ కంప్యూటర్ నుంచి ఇంటికి తెచ్చుకోవాలంటే ప్రాజెక్ట్ ఎక్స్‌పోర్ట్ చేయాలి, అందులో కూడా క్లిప్స్ రావు, ఎడిట్ మాత్రమే వస్తుంది. క్లిప్స్‌తో సహా కావాలంటే ఆర్కైవ్ అనే ఆప్షన్ వాడాలి. మా టీమ్‌లో ఒకడు పెన్‌డ్రైవ్‌లో ఎక్స్‌పోర్ట్ ఫైల్ ఒక్కటే తెచ్చి తెరిస్తే స్క్రీన్ అంతా ఎర్రగా మీడియా ఆఫ్‌లైన్ అని వచ్చింది, ఆ సాయంత్రం అంతా వృథా.

నేర్చుకోవడానికి టైమ్ పడుతుందన్న మాట నిజమే, ఏడు పేజీలు ఉన్నాయి, చూడగానే గాభరా వేస్తుంది. మాకు అందులో నాలుగే అవసరమయ్యాయి, ఎడిట్, కలర్, ఫెయిర్‌లైట్, డెలివర్. బ్లాక్‌మ్యాజిక్ సైట్‌లో ట్రైనింగ్ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా, ప్రాక్టీస్ క్లిప్స్‌తో సహా ఫ్రీగా ఉన్నాయి, ఫెయిర్‌లైట్‌కి విడిగా ఒక పుస్తకం ఉంది, దాంట్లో మొదటి కొన్ని పాఠాలు చేస్తే చాలు. నా మార్కులు ఐదుకి నాలుగున్నర, ఆ అర మార్కు నాయిస్ రిడక్షన్ కోసం తగ్గించాను.

చివరి మిక్స్ అయ్యాక మళ్ళీ మా చెల్లికే చూపించాను, ఈసారి ఏమీ ముందే చెప్పలేదు. ఫ్రిజ్ పొర మొదలైన దగ్గర తలెత్తి గది చుట్టూ చూసింది. ఎక్కడో ఫ్యాన్ మారిందనుకుందట. అయిపోయాక "లోపల గడియ పెట్టింది ఎవరక్కా" అని అడిగింది. మ్యూజిక్ గురించి ఒక్క మాట లేదు, అసలు మ్యూజిక్ ఉందని దానికి తెలియలేదు.

ఎక్స్‌పోర్ట్‌కి డెలివర్ పేజీలో హెచ్.264, 1080, బిట్‌రేట్ (సెకనుకి ఎంత డేటా) 20,000 కిలోబిట్లు పెట్టాం, చీకటి షాట్స్‌లో బిట్‌రేట్ తక్కువ పెడితే నలుపు మీద చారలు, గళ్ళు కనపడతాయి. ఫైల్ వచ్చాక వెంటనే సబ్మిట్ చేయకుండా ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినండి. మాకు 1:47 దగ్గర చిన్న టిక్కు చప్పుడు వినపడింది, రెండు ఆడియో ముక్కలు కలిసేచోట ఫేడ్ (చప్పుడు మెల్లగా తగ్గి పెరగడం) లేకపోవడం వల్ల వచ్చింది. రెండు ఫ్రేమ్స్ ఫేడ్ పెట్టి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ కొట్టి అప్పుడు ఇచ్చాం.